యూఎస్‌బీ తూము కింద ఆయకట్టు

పున్నారావుగారింట్లో కంప్యూటరు ఈనిందట!

ఈ మాట నాది కాదు. ఎదురింటి హైమావతిగారు మా ఇంట్లో చెప్పి వెళ్లింది. ఆవిడకి పాలు పోసే కమలమ్మ చెప్పిందట. ఆ కమలమ్మ కిటికీలోంచి కళ్లారా చూసిందట. బల్లకింద నల్లపెట్టె ఒకటి ఆయాసంగా మూలుగుతోందనీ, దాని వెనక బొడ్డుతాళ్లు కూడా ఊడని పిల్లలు అరడజను పడి ఉన్నాయనీ, అందులో ఒకటి పలకంత ఉందనీ, అది ఇంకా కళ్లు తెరవలేదనీ! జున్నుపాలు ఎప్పుడిస్తారో కనుక్కోమని మా ఆవిడకి పురమాయించి మరీ వెళ్లింది హైమావతిగారు.

నవ్వకండి. విచారించకుండా ఏ మాటనీ కొట్టిపారెయ్యకూడదు. వెళ్లి చూస్తే తేలిందేమిటంటే, ఆ చిన్నపిల్లలు అయిదూ మా వీధివాళ్ల సెల్‌ఫోన్లు. పలకంతది చంద్రశేఖరం మేష్టారి టాబ్లెట్. బొడ్డుతాళ్లు యూఎస్‌బీ తీగలు. అది కళ్లు తెరవలేదన్న మాట ఒక్కటే అక్షరాలా నిజం.

అయ్యలారా, అమ్మలారా! ఆ దృశ్యం చూశాక నాకు తెలిసొచ్చింది. కంప్యూటరు వెనక చిల్లులోంచి టాబ్లెట్‌కి ఛార్జింగ్ పెట్టుకోవడం ఉందే, కృష్ణమ్మకి అడ్డంగా ఆనకట్ట కట్టిన తర్వాత మన డెల్టాకి దక్కిన వరం మళ్లీ ఇదొక్కటే!

కాదంటారా? ఆలోచించండి.

గోడ ప్లగ్గులో పెడితే టాబ్లెట్ మూడు గంటల్లో నిండిపోతుంది. నిండితే మనిషి ఏం చేస్తాడు? వాడతాడు! వాడితే ఏమవుతుంది? కళ్లు మసకలు, మెడ పట్లు, పెళ్లాంతో తగువు, ఆనక మళ్లీ ఛార్జింగు. అదే కంప్యూటరుకి తగిలించారనుకోండి, రెండు రోజులు. ఆ రెండు రోజులూ మనిషి మనిషిలా ఉంటాడు. మొక్కలకి నీళ్లు పోస్తాడు. ఆవులిస్తాడు. పక్కింటాయన కుశలం అడుగుతాడు.

పైగా వినయం! సెల్‌ఫోను తీగ మూరెడు. కంప్యూటరు చిల్లు వెనక. కంప్యూటరు బల్లకింద. ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చెయ్యాలి? బల్లకింద దూరి, మోకాళ్ల మీద వంగి, నుదురు నేలకి ఆనించి, "చెప్పండి" అనాలి. కాలేజీలో ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పి ప్రిన్సిపాలుకి కూడా నమస్కారం పెట్టని చంద్రశేఖరం మేష్టారు రోజుకి ఏడెనిమిది సార్లు సాష్టాంగపడుతున్నారంటే అది ఎవరి మహిమ?

ఇది ఒక్క మా తెనాలి భాగ్యమే అనుకోకండి. బాపట్లలో మా తోడల్లుడు తన ఫోనుని ఆఫీసు కంప్యూటరుకి తగిలించి, అది నిండేదాకా కదలకూడదని, పదిహేనేళ్ల సర్వీసులో మొదటిసారి సాయంత్రం అయిదింటిదాకా సీట్లో కూర్చున్నాడు. పై అధికారి కంగారుపడి డాక్టర్ని పిలిపించాడు. రేపల్లెలో ఒక రైసుమిల్లు గుమాస్తా మరీ పుణ్యాత్ముడు. ధాన్యం బేరానికొచ్చిన రైతు ఫోను ఆప్యాయంగా అందుకుని కంప్యూటరుకి తగిలిస్తాడు. పక్కమిల్లులో రేటెంతో కనుక్కునే సాధనం చేతిలో లేక ఆ రైతు అక్కడే ధాన్యం అమ్మేసి, ఫోను అయిదు శాతం నిండిందని సంబరపడుతూ బస్సెక్కుతాడు. ఇంతకన్నా రైతు సంక్షేమం ఇంకేం కావాలి?

అయితే వీళ్లంతా గాలివాటున చేసినవాళ్లు. దీన్ని ఒక శాస్త్రంగా మలిచిన ఘనత మాత్రం మా పున్నారావుగారిదే.

పున్నారావుగారు ముప్ఫై నాలుగేళ్లు కాలవ మీద లస్కరుగా పనిచేశాడు. లస్కరంటే తూము షట్టర్లు ఎత్తేవాడు, దించేవాడు. సంగం జాగర్లమూడి లాకుల దగ్గర ఆయన నిలబడితే నీళ్లు కూడా తల వంచుకుని నడిచేవని మా వీధిలో ప్రతీతి. పుట్టింది రేపల్లె అవతల కాలవ చిట్టచివరి ఊళ్లో. శివారు భూమి అంటే ఏమిటో పుస్తకంలో చదివి తెలుసుకున్న మనిషి కాదు. పైవాళ్లు నాట్లు పూర్తి చేసుకుని తూములు దించాక, వాళ్ల నాన్న నారుమడి గట్టు మీద కూర్చుని కాలవ వంక చూస్తూ ఉండేవాడట. ఆ చూపు చూసే లస్కరు ఉద్యోగంలో చేరాడు. చేరాక ఒకటే నియమం. శివారుకి నీళ్లు చేరాలంటే పైతూములు మూయాలి. వంతు వంతే. సొంత బాబాయి వచ్చి షట్టరు రెండంగుళాలు ఎత్తమని గడ్డం పట్టుకు బతిమాలితే కూడా ఎత్తలేదు. ఆ బాబాయి చచ్చిపోయేదాకా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. అయినా పున్నారావుగారు ఆ సంగతి చెప్పేటప్పుడు ఛాతీ ఒక అంగుళం పైకి లేస్తుంది.

పోయినేడాది రిటైరయ్యాడు. వచ్చిన డబ్బులోంచి ముందు చేసిన పని, కూతురు రాధారాణి చదువుకని కంప్యూటరు కొనడం. అమ్మాయి అప్పుడు బాపట్లలో డిగ్రీ ఆఖరేడు. కంప్యూటరుకి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఫోన్ తీగ మీద ఇంటర్నెట్ పెట్టించారు. "ఇది అమ్మాయి కోసం" అని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. అబద్ధం కాదు. కంప్యూటరు మీద కప్పిన గుడ్డ మీద రాధారాణి పేరు కుట్టి ఉంది. ఈ రోజుకీ ఉంది.

అంతలో ఊడిపడింది టాబ్లెట్.

అది చంద్రశేఖరం మేష్టారి బావమరిది సింగపూర్ నుంచి తెచ్చిచ్చింది. పలకలా ఉంటుంది, వేలితో రాస్తే కదులుతుంది. తెనాలి మొత్తం మీద అలాంటిది ఇంకొకటి లేదని మేష్టారి నమ్మకం. మూడోరోజే వోల్టేజి దెబ్బకి దాని ఛార్జరు ఢామ్మంది. అలాంటి ఛార్జరు బజారులో దొరకలేదు. కంప్యూటరుకి తగిలించే తీగ మాత్రం పెట్టెలో ఉంది. వీధిలో కంప్యూటరున్న ఇల్లు పున్నారావుగారిది. మేష్టారు పట్టుకొచ్చారు, తగిలించారు. తెర మీద 'ఛార్జ్ అవడం లేదు' అని ఇంగ్లీషులో వచ్చింది.

వీధిలో మేధావులందరూ వచ్చి చూశారు. తీగ ఊదారు. చిల్లు ఊదారు. ఒకాయన టాబ్లెట్‌ని ఎండలో పెట్టమన్నాడు. చివరికి పున్నారావుగారు పంచె ఎగగట్టి, బల్లకింద దూరి, టార్చిలైటు వేసి కంప్యూటరు వెనకభాగం చూశాడు. వరసగా చిల్లులు. ఒక్కో చిల్లుకీ ఒక్కో తీగ. చూస్తున్నకొద్దీ ఆయన ముఖం వెలిగిపోయింది. ముప్ఫై నాలుగేళ్లు ఆయన చూసింది ఇదే కదా!

"ఇది శివారు భూమి మేష్టారూ," అన్నాడు బల్లకింద నుంచే. "నీళ్లు లేక కాదు. పైవాళ్లు తోడేస్తున్నారు."

పైవాళ్లెవరు? మొట్టమొదటి ద్రోహి మానిటరు, ఊరి మొదట్లో పెద్ద కమతంలా కూర్చుంది. తర్వాత స్పీకర్లు, పాట రాకపోయినా పచ్చదీపం పెట్టుకుని తాగుతున్నాయి. కీబోర్డు. మౌసు మరీ దొంగది, పొట్టకింద ఎర్రదీపం దాచుకుని! ఇంటర్నెట్ మోడెం అయితే నాలుగు దీపాలు పెట్టుకుని బాహాటంగానే మింగుతోంది. పున్నారావుగారు ఒక్కొక్క తూమూ దించాడు. మానిటరు కట్టేశాడు. స్పీకర్లు పీకేశాడు. మౌసు, కీబోర్డు, మోడెం అన్నీ బంద్. టాబ్లెట్‌ని కూడా కట్టేశాడు, నిద్రలో ఉంటే బాగా తాగుతుందని.

సాయంత్రం తెరిచి చూస్తే పద్నాలుగు శాతం!

టాబ్లెట్‌ని వాడకుండా కట్టేశారు గనక ఎక్కింది తప్ప, మౌసు పీకినందుకు కాదని రాధారాణి అంది. శాస్త్రానికి ఇంట్లోనే శత్రువులుంటారు. ఆ మాట ఎవరు పట్టించుకుంటారు?

ఇహ చూడండి! గోడ కరెంటు పొగరుబోతు గిత్త అనీ, కంప్యూటరులోంచి వచ్చే కరెంటు గుడ్డలో వడగట్టిన పాల్లాంటిదనీ వీధంతా పాకింది. సొంత ఛార్జర్లు శుభ్రంగా ఉన్నవాళ్లు కూడా ఫోన్లు పట్టుకొచ్చారు. చిల్లులు చాల్లేదు. మేష్టారు ఎక్కణ్ణుంచో ఒక చిన్న డబ్బా తెప్పించారు. ఒక చిల్లుకి తగిలిస్తే ఏడు చిల్లులవుతుంది. హబ్ అంటారట. పున్నారావుగారు దాన్ని చూడగానే పోల్చుకున్నాడు. పొలాలకి నీళ్లు పంచే బోదె కాలవ! ఏడో చిల్లులో ఫోను పెట్టినవాళ్లు తమకి నీరందడం లేదని మొర పెట్టుకున్నారు. మొదటి చిల్లువాళ్లు మీసాలు దువ్వుకున్నారు. బోదె ఉన్నాక తగువులుండవా? తగువులున్నాక సంఘం ఉండొద్దా?

పున్నారావుగారి వసారాలోనే ఎన్నిక జరిగింది. టాబ్లెట్ కారణంగా అందరికన్నా పెద్ద ఆయకట్టు చంద్రశేఖరం మేష్టారిది గనక ఆయన ఏకగ్రీవంగా అధ్యక్షుడు. పున్నారావుగారు జీతంలేని లస్కరు. తీర్మానాల పుస్తకం పెట్టారు. వంతులు రాశారు. ఒక వంతు సగంలో ఆపకూడదని మొదటి నియమం, ఎందుకంటే సగం తడిసిన పొలం ఎండితే నెర్రెలిచ్చి రెండింతలు తాగుతుంది. టాబ్లెట్‌ని ఊరికే తెరిచి చూడకూడదని రెండో నియమం. ఎంత నిండిందో చూడాలంటే తెరవాలి, తెరిస్తే ఒక శాతం పోతుంది. కాబట్టి వేళకి మాత్రమే, అధ్యక్షుల సమక్షంలోనే చూడాలి.

మరి కంప్యూటరు రాధారాణిది కదా అంటారేమో. ఎవరు కాదన్నారు? తీర్మానాల పుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉంది: 'చి. కుమారి రాధారాణి విద్యాభివృద్ధి నిమిత్తం కొనబడిన కంప్యూటరు' అని. ఆమెకి వారానికి రెండు గంటల వంతు కూడా ఇచ్చారు, ఏ ఫోనూ ఆకలితో లేని పక్షంలో.

ఏ ఫోను ఎప్పుడు ఆకలితో లేదు గనక?

ఆమె తల్లి గంగరత్నం మాత్రం పప్పు రుబ్బుతూ గోడతో చెప్పినట్టు చెప్పేది. కాలవ మనదట, తూము మనదట, లస్కరూ మనవాడేనట, మన పిల్లకి మాత్రం చెంబెడు నీళ్లుండవట. గోడ వింది. ఇంకెవరూ వినలేదు.

ఇలా వీధి సుభిక్షంగా ఉండగా రాధారాణికి ఎంసీఏ పరీక్షలో ర్యాంకొచ్చింది. మంచి ర్యాంకే. పున్నారావుగారు వీధంతా మిఠాయి పంచాడు. అయితే ఆ ఏడు కౌన్సెలింగ్ కొత్తరకం. ఊరికెళ్లి వరసలో నిలబడక్కర్లేదు. ఇంటర్నెట్‌లోకి వెళ్లి, కావలసిన కాలేజీల పేర్లు వరసగా పెట్టుకోవాలి. మూడు రోజులు గడువు. శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆఖరు. పెట్టుకోకపోతే ర్యాంకు కాగితం పకోడీలు కట్టుకోవడానికి పనికొస్తుంది, అంతే.

బుధవారం పొద్దున రాధారాణి కాగితం పట్టుకుని తండ్రి దగ్గరికొచ్చింది. గంట చాలంది. కానీ ఆ తెల్లవారే టాబ్లెట్ వంతు మొదలైంది. అందులోనూ మామూలు వంతు కాదు. సింగపూర్ నుంచి వచ్చింది లగాయతు ఆ టాబ్లెట్ నూటికి నూరు నిండిన పాపాన పోలేదు. ఎనభైకి వచ్చేసరికి మేష్టారు ఎవరికో చూపించడం, అది అరవైకి జారడం. ఈసారి వంద చూసి తీరాలని సంఘం పట్టుదల. పున్నారావుగారు పుస్తకం తిరగేశాడు. శుక్రవారం రెండింటి నుంచి నాలుగింటిదాకా కూతురి వంతు అని తన చేత్తో రాశాడు. సిరా ఆరేదాకా ఊదాడు కూడా.

పిల్ల మీద ప్రేమ లేకనా? ప్రాణం! కానీ బాబాయికి ఎత్తని షట్టరు కూతురికి ఎలా ఎత్తుతాడు? అలా ఎత్తితే ఆ బాబాయి చచ్చిపోయేదాకా మాట్లాడకపోవడానికి అర్థమేముంది?

బుధవారం పోయింది. గురువారం కరెంటు పొద్దున పోయి మధ్యాహ్నం వచ్చింది. శుక్రవారం వచ్చింది.

రెండు గంటలకి సంఘం వసారాలో చేరింది. మేష్టారు టాబ్లెట్ తెరిచారు. తొంభై నాలుగు. అది చూసినందుకు తొంభై మూడు. వసారా అంతా ఊపిరి బిగబట్టింది. ఇంకొక్క ఏడు! ఇలాంటప్పుడు నీళ్లు కట్టేస్తారా ఎవరైనా? కంకి పాలుపోసుకునే అదను!

రాధారాణి గుమ్మంలో నిలబడి ఉంది. టాబ్లెట్ అలా ఉండగానే తను పని చేసుకోవచ్చనీ, రెండింటికీ కరెంటు చాలుతుందనీ, తను చదివింది అదేననీ నెమ్మదిగా చెప్పింది. సంఘం ముద్దుగా నవ్వింది. ఒకే బోదెలో నీళ్లు పైకీ కిందకీ పారతాయా తల్లీ అని ఒకాయన లాలనగా అడిగాడు.

మూడింటికి ఆమె సైకిలు తీసుకుని స్టేషను దగ్గర ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లింది. అక్కడ వరస మెట్లు దిగి రోడ్డు మీదకొచ్చి సోడాబండిని చుట్టి ఉంది. అందరిదీ అదే శుక్రవారం మరి. నలభై మంది తర్వాత తన వంతు. తిరిగొచ్చేసరికి నాలుగు దాటింది. తన రెండు గంటల వంతు పుస్తకంలో అలాగే ఉంది, సిరా కూడా చెదరలేదు. టాబ్లెట్ తొంభై ఏడు.

నాలుగున్నరకి పున్నారావుగారు యథాలాపంగా గుమ్మం వైపు చూశాడు.

రాధారాణి ఏమీ అడగడం లేదు. ఏడవడమూ లేదు. ర్యాంకు కాగితం నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. ఆ నిలబడడం ఆయనకి తెలుసు. ఎండిన నారు గుప్పెడు పీక్కుని లాకుల దగ్గరికి నడిచొచ్చే శివారు రైతులు అలాగే నిలబడేవాళ్లు. కేకలేసేది పైరైతులు. శివారు రైతు ఎప్పుడూ కేకలెయ్యడు. నారు చూపించి ఊరుకుంటాడు.

పున్నారావుగారు లేచాడు.

"మేష్టారూ, వంతు తిప్పుతున్నాను," అన్నాడు.

సంఘం నిర్ఘాంతపోయింది. ముప్ఫై నాలుగేళ్లలో ఆయన నోట ఆ మాట విన్నవాడు లేడు. అయినా చంద్రశేఖరం మేష్టారు గొప్పమనసున్నవారు. స్త్రీవిద్య మీద పాతికేళ్ల క్రితమే ఉపన్యాసాలిచ్చినవారు. సరేనన్నారు. అయితే టాబ్లెట్‌ని మాత్రం పద్ధతిగా తియ్యాలన్నారు. కంప్యూటరుని అడక్కుండా తీగ పీకితే లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయని బావమరిది మరీ మరీ చెప్పాడట.

పద్ధతి అంటే పద్ధతే. ఒక ఫోను తీసి ఆ చిల్లులో మౌసు పెట్టారు. మానిటరు వెలిగించారు. మేష్టారు నొక్కవలసిన చోట నొక్కారు. కంప్యూటరు ఒక చిన్న పెట్టెలో జవాబిచ్చింది. మేష్టారు చదివి తెలుగులో విప్పి చెప్పారు: "ఈ పరికరమును ఇప్పుడు ఆపుటకు వీలులేదు. కొంతసేపు ఆగి మరల ప్రయత్నించుడు."

పున్నారావుగారి చెయ్యి తీగ దాకా వెళ్లి ఆగిపోయింది. పైనుంచి ఆర్డరు రాకుండా షట్టరు ముట్టుకున్న చెయ్యి కాదది. ఆర్డరు లేదు. ఆగమంది. ఆగాడు.

నాలుగూ నలభై. మళ్లీ నొక్కారు. వీలులేదు.

ఇక్కడ ఒక చిన్న విశేషం గమనించండి. మానిటరు వెలుగుతోంది. మౌసు కదులుతోంది. రాధారాణి కావాలన్న కంప్యూటరు సర్వాంగాలతో వీధి పెద్దల ఎదుట సిద్ధంగా ఉంది. కానీ ఆరుగురు పెద్దమనుషులు దాని ముందు చేతులు కట్టుకుని, అనుమతి కోసం ఎదురు చూస్తున్నారు. ఆమె ముందుకొచ్చి తీగ మీద చెయ్యి వెయ్యబోయింది. మేష్టారు టాబ్లెట్‌ని రెండు చేతులా పొదువుకున్నారు. బావమరిది కొడుకు బారసాల ఫొటోలు అందులోనే ఉన్నాయట. "ఒక్క నిమిషం అమ్మా," అన్నాడు పున్నారావుగారు.

నాలుగూ నలభై ఎనిమిది. వీలులేదు.

నాలుగూ యాభై మూడు. ఇప్పుడు తీయవచ్చును!

తీశారు. అప్పుడు కీబోర్డు కోసం చూశారు. నెల్లాళ్ల కిందట మూసిన తూము అది, మంచం కింద ఉల్లిపాయల బుట్టలో దొరికింది. మోడెం అటక మీద ఉంది. దించారు, దులిపారు, తగిలించారు. దానికి నాలుగు దీపాలు వెలగాలి. ఒకటి వెలిగింది. రెండు వెలిగాయి. మూడోది వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది. పున్నారావుగారు దాని ముందు గొంతుకూర్చుని, షట్టరు కింద మొదటి నీటిచాలు వస్తుందేమోనని చూసే చూపు చూశాడు. గంగరత్నం రోలు వదిలి వచ్చి నిలబడింది.

నాలుగో దీపం వెలిగేసరికి గోడ గడియారంలో అయిదూ రెండు. పేజీ చక్కగా తెరుచుకుంది. మధ్యలో ఎర్రక్షరాలు. గడువు ముగిసినది.

అదే సమయానికి వెనక నుంచి చంద్రశేఖరం మేష్టారి కేక! టాబ్లెట్ తెరిచారు. వంద! కంప్యూటరు అనుమతి ఇవ్వకుండా పట్టిన ఆ కాస్తసేపట్లో చివరి చుక్కలు కూడా నిండిపోయాయి. ఓర్పు ఫలించడమంటే ఇది కాక మరేమిటి? నేను చెప్పలేదూ, వరమని! సంఘం చప్పట్లు కొట్టింది. అందరూ చూసేసరికి తొంభై తొమ్మిదయింది గానీ, చూసినవాళ్లు చూశారు.

మేష్టారి కళ్లు చెమర్చాయి. ఆ ఆనందంలో ఆయన రాధారాణిని మర్చిపోలేదు. అక్కడికక్కడే సంఘాన్ని సమావేశపరిచి తీర్మానం రాయించారు. రేపట్నుంచి పొద్దున తొమ్మిది మొదలు సాయంత్రం ఆరుదాకా కంప్యూటరు మొత్తం రాధారాణి చదువుకే. టాబ్లెట్ వంతు అందరికన్నా ఆఖర్న. అంతేకాదు, ఆయకట్టు పెరుగుతోంది గనక వీధిలో ప్రతి ఇంటివారూ తమ ఆడపిల్ల చదువు కోసం ఒక కంప్యూటరు కొనాలి, కొనేముందు వెనక ఎన్ని చిల్లులున్నాయో చూసుకోవాలి. ఏకగ్రీవం. సంతకాలు కూడా అయ్యాయి.

పున్నారావుగారు ఒక్కడే సంతకం పెట్టలేదు. ఆయన ఇంకా మోడెం ముందే కూర్చుని ఉన్నాడు. నాలుగు దీపాలూ నిలకడగా వెలుగుతున్నాయి.

మేష్టారు తీర్మానం గట్టిగా చదివి వినిపించి, కళ్లజోడు తుడుచుకుని, "ఏమ్మా, ఇప్పుడు తృప్తేనా?" అని అడిగారు.

రాధారాణి గుప్పిట్లో కాగితం బల్ల మీద పెట్టింది.

"గడువు ఇవాళండి మేష్టారూ. రేపు నాకు కంప్యూటరుతో పని లేదు, మీ ఫోన్లే పెట్టుకోండి."